పొట్లాల దారం

మొన్న పొద్దున పక్కింటి అమ్మాయి గోడ అవతల నుంచి అడిగింది: "తాతగారూ, మా కోడి రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. మీకేమైనా తెలుసా?" పేపరు మీంచి తల ఎత్తకుండానే "నాకేం తెలుసమ్మా" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, వచ్చాక నాకే భయం వేసింది. కాసేపటికి లేచి వెళ్లి చూశాను. రెక్కల కింద పేలు పట్టాయి, అంతే. బూడిద రాయమని చెప్పి వచ్చేశాను. కానీ ఆ రోజంతా చేతులకు ఆ వాసన పోలేదు. ఈకల కింది వేడి వాసన. దాని వెనకే, ఎక్కడినుంచో, పసుపూ ఆముదమూ కలిసిన ఇంకో వాసన.

అప్పట్లో మా ఇల్లు రాయగడలో. ముందు దుకాణం, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. పెరటి తలుపు తీస్తే ఒక సందు, సందు చివర రైలు పట్టాలు. మా తాత బొబ్బిలి వైపు నుంచి ఉప్పు బస్తాలు వేసుకుని వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. దుకాణంలో చింతపండు, బెల్లం, కిరసనాయిలు, పిప్పళ్లు అన్నీ కలిసి ఒక్క వాసనైపోయేవి. బడికి వెళ్లినా నా చొక్కాను అది వదిలేది కాదు. చలికాలం వస్తే కొండవాలు మీద వలిసె పూలు విచ్చుకుని, ఎవరో పసుపు ఆరబోసినట్టుండేది. పొద్దున్నే మంచు ఎంత దట్టంగా దిగేదంటే, రైలు కూత ముందు వచ్చేది, చాలాసేపటికి గాని ఇంజను కనపడేది కాదు. ఆ మంచులో సందు పొడుగునా కోళ్లు తిరుగుతుండేవి. కాళ్లు కనపడేవి కావు. ఈకల ముద్దలు తేలుతున్నట్టుండేవి.

మాది మాంసం ముట్టని ఇల్లు. గుడ్డు అనే మాట కూడా వంటింట్లో అనకూడదు. అలాంటి ఇంట్లో మా మామ్మ, అంటే మా నాన్నకు తల్లి, ఆ సందులోని కోళ్లన్నిటికీ వైద్యురాలు.

అది ఎలా మొదలైందో నాకు తెలియదు, నేను పుట్టకముందు సంగతి. బట్టలు కుట్టే దరిజీ ఇంటి పెట్టను ముంగిస పట్టి వీపు తోలు ఊడదీసిందట. బొంతలు కుట్టడంలో మామ్మకు పేరు. ఆ దరిజీ తల్లి పెరటి తలుపు దగ్గరికి వచ్చి ఏడుస్తుంటే, మామ్మ సూది కాల్చి, దారానికి మైనం రాసి, ఆ తోలు దగ్గరికి లాగి కుట్టేసిందట. పెట్ట బతికింది. ఆ తర్వాత సందులో ఒక నమ్మకం పుట్టింది. కోడిని ఎన్నడూ వండని చెయ్యి గనక కోడి ఆ చేతికి బెదరదని.

"మా సేతులు సూస్తే కోడికి కూరొండే కుండ గేపకం వస్తాదండి, మామ్మగారూ," అనేది దరిజీ తల్లి. "మీ సెయ్యి సూస్తే దానికేటి భయం?"

నిజంగానే మామ్మ ఒళ్లో పడుకోగానే కోళ్లు కళ్లు సగం మూసేవి.

నాన్నకు ఇది నచ్చేది కాదు. బజార్లో తోటి సావుకార్లు "ఏటండీ, మీ ఇంట్లో కోళ్లాస్పత్రి ఎట్టేరట" అని నవ్వేవారు. నాన్న ఇంటికి వచ్చి గొణిగేవాడు. "నవ్వనీరా," అనేది మామ్మ. "ఆళ్లింటి పక్కోళ్ల కోడికి దెబ్బ తగిల్తే, ఆళ్లే సెప్పి పంపుతారు మనింటికి." చివరికి రాజీ ఏమిటంటే, కోడి పెరటి తలుపు దాటి లోపలికి రాకూడదు, కోడిని ముట్టుకున్నాక మామ్మ నూతి దగ్గర స్నానం చేసి బట్ట మార్చుకుంటే గాని వంటింట్లోకి రాకూడదు. కోడికో స్నానం. చలికాలం ఒక్కోరోజు మూడు స్నానాలు. పెదాలు నీలంగా మారి, తడి జుట్టుతో ఎండలో కూర్చుని వణికేది. అయినా మర్నాడు ఎవరైనా తలుపు తడితే నాకంటే ముందు తనే లేచేది.

కోళ్ల కాళ్లు పట్టుకునే పని నాది. అప్పటికి తొమ్మిదేళ్లు నాకు.

ఎన్ని వింతలు చూశానో. ఒకసారి ఆవు తొక్కిన పెట్టను తెచ్చారు. లోపల ఎక్కడో చిల్లి పడి, ఊపిరి తోలు కిందకి వెళ్లిపోయి, అది బుడగలా ఉబ్బింది. తల మాత్రం చిన్నగా, పైన గుచ్చినట్టుంది. నడవలేక దొర్లుతోంది. పిల్లలం కడుపు పట్టుకుని నవ్వాము. మామ్మ సూదితో చిన్నగా పొడిస్తే గాలి సన్నగా ఈల వేస్తూ పోయింది, పెట్ట మెల్లమెల్లగా పెట్టంత అయింది. సాయంత్రానికి మళ్లీ ఉబ్బింది. అలా నాలుగు రోజులు పొడిచాక మానింది.

ఇంకో పెట్టకు మేతసంచి రాయిలా గట్టిపడింది. మామ్మ మెడ కింద ఈకలు పీకి, మంగలి కత్తితో అంగుళం కోసి, వేలు పెట్టి తీసింది: ఎండుగడ్డి ఉండ, రెండు గాజు ముక్కలు, ఒక రవిక కొక్కెం. కోడి తెచ్చినావిడ ఆ కొక్కెం చూసి, "ఓలమ్మో, దీనికోసం మా ఆడబిడ్డని దొంగన్నాను గదే!" అని నోరు నొక్కుకుంది. లోపలి పొర ఒకసారి, పై తోలు ఒకసారి కుట్టి, పసుపు ఆముదం పూసి పంపింది మామ్మ. "ముందెళ్లి ఆడబిడ్డకి సెప్పు," అంది. "కోడి సంగతి నాను సూసుకుంటాను."

కాలివేళ్లకు ఆడవాళ్లు దువ్వి పారేసిన జుట్టు చుట్టుకుపోయి వేలు ఎండిపోయిన కోళ్లు వచ్చేవి. గుడ్డు అడ్డం పడి నిలువునా కూర్చుండిపోయిన పెట్టలు వచ్చేవి. వాటికి వేడినీళ్ల గుడ్డ కాపడం. ముఖమంతా పొక్కులతో వచ్చినవాటికి వేపాకు పసుపు. కొక్కెర తెగులు వచ్చి కోళ్లు గుంపులుగా రాలిన ఏడు మాత్రం మామ్మ తల అడ్డంగా ఊపేది. "నా సేతిలో నేదమ్మా," అనేది. తన చేతిలో ఏముందో ఏది లేదో ఆమెకు బాగా తెలుసు. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది, ఎందుకంటే ఆ ఎరుకను ఆమె దగ్గరినుంచి తీసేసినవాణ్ణి నేను.

సందు చివర, పట్టాల పక్క క్వార్టర్లో, కొత్తగా పెళ్లయిన ఒక జంట దిగింది. ఆయన రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ఆవిడ శ్రీకాకుళం వైపు పల్లెటూరి పిల్ల. నేను పిన్నీ అని పిలిచేవాణ్ణి. ఊళ్లో ఆవిడకు ఎవరూ తెలియదు. పుట్టింటినుంచి వస్తూ చంకలో పెట్టుకుని రైల్లో తెచ్చిన నల్ల పెట్ట ఒకటి ఉండేది. దానితో మాట్లాడేది. "మా అమ్మ కోడికి కూతురిది," అని చెప్పేది, చుట్టరికం చెప్పినట్టు. సాయంత్రాలు నాకు ఉడకబెట్టిన చిలగడదుంప పెట్టేది. ఉప్పుతో, ఇంకా పొగలు వస్తుండగా. ఆ చలికాలం పెట్ట తొమ్మిది పిల్లల్ని దింపింది. పిన్ని సందంతా తిరిగి చెప్పింది. పుట్టింటికి ఉత్తరం కూడా నాచేతే రాయించింది.

అప్పుడు నేనొక ఆట కనిపెట్టాను. మొక్కజొన్న గింజకు సూదితో బెజ్జం పెట్టి, దుకాణంలో పొట్లాలు కట్టే సన్నదారం గుచ్చి, కోడి ముందు వేసేవాణ్ణి. కోడి మింగేది. మెల్లగా లాగితే గింజ మళ్లీ బయటికి వచ్చేది. కోడి ఉలిక్కిపడి, అదే గింజను మళ్లీ మింగేది. ఎన్నిసార్లయినా. దాని తెలివితక్కువకు నేను పగలబడి నవ్వేవాణ్ణి. సందులో ఒక్కో కోడికీ చేశాను. దేనికీ ఏమీ కాలేదు. అందుకే, ఒక మధ్యాహ్నం పిన్ని నీళ్లకు వెళ్లినప్పుడు, నల్ల పెట్టకూ చేశాను.

అది పిల్లల తల్లి. బెదురెక్కువ. మింగీ మింగగానే పక్కకు పరిగెత్తింది. నేను గట్టిగా గుంజాను. గింజ పగిలి ఊడినా దారం లోపల ఎక్కడో చుట్టుకుందేమో, తెగింది. నా చేతిలో జానెడు మిగిలింది. మిగతాది దాని నోట్లో ఉండిపోయింది. కాసేపు తల విదిలించి, నాలుక ఆడించి, మళ్లీ పిల్లల్ని పిలుచుకుంది. నేను చేతిలోని దారం ఉండ చుట్టి పట్టాల మీదకు విసిరేశాను.

మర్నాడు పిన్ని నన్ను పిలిచి చూపించింది. "సూడు బావు, తల్లంటే ఇలగుండాలి. గింజ ముక్కుతో తీస్తాది, మళ్లీ పిల్లల ముందు వదిలేస్తాది. తనొక్కటి తినదు. అన్నీ పిల్లలకే."

పెట్ట నూకగింజ తీస్తోంది, తల ఎత్తుతోంది, వదిలేస్తోంది. తొమ్మిది పిల్లలూ దూకి తింటున్నాయి. మళ్లీ తీస్తోంది. ఎండ పడి దాని నల్ల ఈకలు నెమలి కంఠంలా మెరుస్తున్నాయి. పిన్ని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మురిసిపోతోంది. నేనూ చూస్తూ నిలబడ్డాను. అది మింగలేక వదిలేస్తోంది. నాకు తెలుసు. తొమ్మిదేళ్లవాడికి ఎంత తెలుస్తుందిలే అని ఇన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను గాని, నాకు పూర్తిగా తెలుసు.

నాలుగో రోజుకు పెట్ట ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసింది. పిన్ని పమిట చెంగులో పెట్టుకుని మా పెరటి తలుపు దగ్గరికి వచ్చింది.

మామ్మ ఒళ్లోకి తీసుకుని మేతసంచి తడిమింది. మెత్తగా, పులిసిన నీళ్లతో ఉంది. ముక్కు తెరిచి వెలుగుకు తిప్పి చూసింది. అప్పటికే ఆమె కళ్లకు మసక మొదలైంది. తెల్లదారం నురుగులో, నాలుక మొదట్లో, కండలోకి దిగిపోయి ఉండాలి. ఆమెకు కనపడలేదు.

"ఏటి తింది ఇది? ఎవులైనా సూసేరా?" అని అడిగింది. పిన్ని లేదన్నట్టు తల ఊపింది. అప్పుడు మామ్మ నా వైపు తిరిగింది. నేను పెట్ట కాళ్లు పట్టుకుని ఉన్నాను. నా బొటనవేలి కింద ఆ కాలు సన్నగా కొట్టుకుంటోంది.

"నువ్వు రోజూ అక్కడే ఆడతావు గదా. ఏటైనా మింగడం సూసేవేటి?"

"నేదు," అన్నాను.

"గేపకం సేసుకోరా. గాజు ముక్క, నార, ఏటైనా."

"నేదు మామ్మా. నాకేటి తెల్దు."

ఒక్క మాట చెబితే ఆమె నాలుక ఎత్తి చూసేది. సూదిమొనతో ఆ దారం తెంపేసేది. జుట్టు చుట్టుకున్న కాలివేళ్లను ఎన్నిటిని విడదీయలేదు! చెప్పలేదు. నాన్న కొడతాడని కాదు. కొడితే ఒకరోజు నొప్పి. పిన్ని నా వైపు ఎలా చూస్తుందో అని. ఆ చిలగడదుంపలు, ఆ "బావు" అనే పిలుపు. అవి పోతాయని.

మామ్మ చాలాసేపు ఆలోచించి, లోపల ఏదో అడ్డం పడి ఉంటుందని, కత్తి తీసి కోసింది. వేలు పెట్టి వెతికింది. ఏమీ లేదు. మళ్లీ వెతికింది. ఆమె ముఖం అలా కావడం నేనెప్పుడూ చూడలేదు. నడిబజార్లో దారి తప్పినట్టు. కుట్టేసింది. కుట్లు ఎప్పటిలాగే చక్కగా, సమంగా పడ్డాయి.

మూడో రోజు పెట్ట చచ్చిపోయింది. తొమ్మిది పిల్లల్లో రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది, కొన్ని చలికి పోయాయి. నాలుగు మిగిలాయి. పిన్ని వాటిని బుట్టలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. మామ్మను ఒక్క మాట అనలేదు. "సావు రాసుంటే ఆవిడేటి సేస్తాది," అంది. కానీ కుళాయి దగ్గర మిగతావాళ్లు ఊరుకోలేదు. "కడుపులో ఏటీ నేకపోయినా కోసేసిందట." "ముసిలిదైపోనాదిలే, ఇంక సూపేటి ఆనుతాది." ఆ మాటలు సందు మీదుగా మా నూతి దాకా వినపడ్డాయి.

వారం తిరక్కుండా ఎవరో కోడిని తెచ్చారు. మామ్మ తలుపు సగం తీసి, "పట్టుకెళ్లిపోండమ్మా. నా సెయ్యి మంచిది కాదు," అని మూసేసింది. సూది, కత్తి, మైనం ముద్ద ఒక గుడ్డలో కట్టి అటక మీద పెట్టించింది. అటక ఎక్కి పెట్టింది నేనే.

మరుసటి ఏడు పాయింట్స్‌మన్‌కు బదిలీ అయింది. పిన్ని వెళ్లేటప్పుడు నా తల నిమిరి, "బాగా సదువుకో బావు," అంది. ఎక్కడికి వెళ్లారో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు.

నేను చదువుకోలేదు. బడి మానేసి దుకాణంలో కూర్చున్నాను. రోజుకు వంద పొట్లాలు కట్టేవాణ్ణి. దూలానికి వేలాడే ఉండ నుంచి దారం లాగడం, చుట్టడం, పళ్లతో తెంపడం. దారం నాలుకకు తగిలినప్పుడల్లా పక్కకు తిరిగి ఉమ్మేసేవాణ్ణి. ఏ రోజుకారోజు చెప్పేద్దామనుకునేవాణ్ణి. చెప్పకపోవడం ఒక అలవాటు. మిగతా అలవాట్లలాగే అది కూడా వయసుతోపాటు గట్టిపడుతుంది. అలా ఎనిమిదేళ్లు గడిచాయి.

ఒక మధ్యాహ్నం మామ్మ పెరట్లో చాప మీద చింతపండు గింజ తీస్తోంది. నేను భోజనానికి వచ్చి పక్కన కూర్చున్నాను. పెరటి తలుపు దగ్గర ఒక కొండ ఆడమనిషి వచ్చి నిలబడింది. సంతకు దిగినావిడ. చేతిలో కోడి, మెడ ఒక పక్కకు వాల్చేసి. ఎవరో పాత కబురు చెప్పి పంపినట్టున్నారు.

మామ్మ తల ఎత్తలేదు. "నాను సూడనమ్మా. నాను ముట్టుకుంటే సచ్చిపోతాది," అంది. కోపంగా కాదు, పేరు అడిగితే పేరు చెప్పినట్టు. ఆవిడ కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

"మామ్మా, ఆ పిన్ని కోడిని సంపింది నాను," అన్నాను. మొత్తం చెప్పాను. గింజ, బెజ్జం, దారం, తెగడం, తనడిగితే తెల్దన్నది.

ఆమె చేతిలో చింతపండు అలాగే ఉంది. నేను దెబ్బకు సిద్ధపడ్డాను. ఏడుపుకు సిద్ధపడ్డాను. ఆమె అడిగింది: "ఎంత పొడుగు దారం?"

"మూరెడుంటాది."

"పురి దారమా, ఒంటి దారమా?"

"ఒంటిది. పొట్లాలది."

తన నోరు తెరిచి, నాలుక కింద వేలు పెట్టుకుని తడిమి చూసుకుంది. "ఇక్కడ," అంది తనలో తాను. "ఇక్కడ సుట్టుకుంటాది. నాను పైన సూసేను. కిందన సూడ్నేదు." ఆమె ముఖంలో ఏదో ముడి విడింది. అది చూసి ఒక్క క్షణం క్షమించేసిందనే అనుకున్నాను.

అప్పుడు లెక్క పెట్టడం మొదలుపెట్టింది. "దరిజీ ఎర్ర పెట్ట. కన్ను వాచిపోనాది దానికి. పోస్టుమేను తల్లి తెచ్చిన పుంజు, అరికాలి కురుపు. ఆ కురుపు నాకు పూటలో పని. మేస్త్రీ ఇంటి సుక్కల పెట్ట, గుడ్డడ్డం పడింది. ఏడుస్తా ఎల్లిపోనాదిరా ఆ గుంట, మేస్త్రీ కూతురు." ఒక్కొక్క వేలూ మడుస్తూ పోయింది. ఎనిమిదేళ్లలో తలుపు మూసి పంపేసిన ప్రతి కోడీ, దాని రంగూ, దాని రోగమూ ఆమెకు గుర్తున్నాయి. రెండు చేతుల వేళ్లూ అయిపోయి మళ్లీ మొదటి వేలికి వచ్చింది. నేను చంపింది ఒక్క కోడిననే అనుకుంటూ వచ్చాను, అంతవరకు.

"లెగు," అంది. "ఆ కొండామెని పిలు."

పరిగెత్తాను. సందు, పట్టాలు, సంత దారి. వందమంది ఆడవాళ్లు, వందమంది చేతుల్లో కోళ్లు. ఆవిడ దొరకలేదు. తిరిగి వచ్చి మామ్మకు చెప్పాను. "అయితే ఇంటింటికీ ఎల్లి సెప్పు. ఆ కోడిని సంపింది మామ్మ సెయ్యి కాదని, నువ్వేనని నీ నోటితో సెప్పు," అంది.

వెళ్లాను. సందులో పదకొండు గుమ్మాల ముందు నిలబడి చెప్పాను. చాలామందికి ఆ కోడే గుర్తు లేదు. "ఏ కోడి బావు? ఎప్పటిది?" అని నవ్వారు. దరిజీ ఒక్కడే నవ్వలేదు. "మా అమ్మ సచ్చిపోయేదాకా మీ మామ్మకి కోపమొచ్చిందనుకుందిరా," అన్నాడు. అసలు చెప్పవలసిన పిన్నికి మాత్రం చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఏ స్టేషన్లో దిగినా, పట్టాల పక్క క్వార్టర్ల గుమ్మాల్లోకి చూస్తాను.

పది రోజులకు మొదటి కోడి వచ్చింది. కాలు విరిగిన పుంజు. మామ్మ పెరటి తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది. దాన్ని పట్టుకోమని నన్నే పిలిచింది. కాలి జోలికి పోలేదు ముందు. ముక్కు తెరిచింది, చిటికెనవేలితో నాలుక ఎత్తింది, వెలుగుకు తిప్పి కిందన చూసింది. నన్ను కూడా చూడమంది. "నా కళ్లు సాలవు. ఏటైనా ఉందేటి? సరిగా సూసి సెప్పు."

ఏమీ లేదు. ఏమీ లేదని చెప్పాను. అప్పుడు కాలికి వెదురు బద్దలు కట్టింది.

తర్వాత ఆమె బతికిన నాలుగేళ్లూ అంతే. కన్ను పోయిన కోడి వచ్చినా, రెక్క తెగిన కోడి వచ్చినా, ముందు నోరు తెరిచి నాలుక ఎత్తేది. నన్ను వంగి చూడమనేది. నేను చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పేదాకా, ఆ కోడి మీద ఇంకో చెయ్యి వేసేది కాదు.